సినిమాల్లోని తోడేలు మనిషి నిజంగా ప్రమాదకారేనా, లేక మనమే అతన్ని అపార్థం చేసుకున్నామా?

మీ ప్రశ్నను ముందుగా నా మాటల్లో ఒకసారి చెప్పుకుంటాను. పున్నమి రాత్రి తోడేలుగా మారిపోయే మనిషి కథలను మీరు ఈ మధ్య వరసగా మూడు నాలుగు చూశారు. చూసిన ప్రతిసారీ మీ అన్నయ్య అదొక రాక్షసి అని, చంపడం తప్ప దానికి వేరే పని లేదని అంటున్నారు. మీకేమో తెల్లవారాక ఒంటి మీద రక్తం మరకలతో, రాత్రి ఏం జరిగిందో తెలియక తల పట్టుకుని కూర్చున్న ఆ మనిషిని చూస్తే జాలి వేస్తోంది. ఇద్దరిలో ఎవరు సరిగా చూస్తున్నారని, ఈ రకం చిత్రాలను ఎక్కడి నుంచి మొదలుపెట్టి చూడాలని అడిగారు.

సూటిగా చెప్పాలంటే, ప్రమాదం విషయంలో మీ అన్నయ్యే గెలిచారు. అయినా మీ జాలికి వచ్చిన లోటేమీ లేదు. తోడేలు మనిషి ప్రమాదకారే. మంచి చిత్రాల్లో అతన్ని ఎవరూ అపార్థం చేసుకోరు. అతను చెప్పేది ఎవరూ నమ్మరు. ఈ రెండూ ఒకటేనని పొరబడడం వల్లనే మీ ఇంట్లో ఈ వాదన తెగడం లేదు. అపార్థం అంటే మంచివాణ్ని చెడ్డవాడనుకోవడం. ఇక్కడ జరిగేది అది కాదు. నేను ప్రమాదకారిని, నన్ను కట్టేయండి అని అతనే నోరు తెరిచి చెప్తుంటే, చుట్టూ ఉన్న మర్యాదస్తులంతా నీకు ఒంట్లో బాగాలేదు, కాస్త పడుకో అని పంపేస్తారు.

ఇది ఏ ఆధారంతో అంటున్నానో చెప్పాలి. నేను పద్దెనిమిదేళ్ళుగా హైదరాబాద్‌లో పరభాషా చిత్రాలకు తెలుగు మాటలు రాస్తున్నాను. అందులో భయానక చిత్రాల వాటా కాస్త ఎక్కువే. ప్రేక్షకుడు ఒకసారి చూసే సన్నివేశాన్ని మేము, పెదవి ఎక్కడ మూసుకుంది, ఊపిరి ఎక్కడ తీశాడు అని గుర్తులు పెట్టుకుంటూ, ముప్పై నలభై సార్లు చూస్తాం. అన్నిసార్లు చూశాక భయం ఎలాగూ పోతుంది. ఆ పాత్ర ఎవరికి ఏం చెప్పుకుంటోంది, ఎదుటివాళ్ళు ఏమని జవాబిస్తున్నారు అన్నదొక్కటే మిగులుతుంది. తోడేలు మనిషి కథల్లో ఆ సంభాషణ దాదాపు ఎప్పుడూ ఒకే రకంగా నడుస్తుందని నాకు అలా తెలిసింది.

హాలీవుడ్‌లో ఈ వరసకు తొలి పెద్ద చిత్రం 1935లో వచ్చిన వేర్‌వుల్ఫ్ ఆఫ్ లండన్. అందులో గ్లెండన్ అనే వృక్షశాస్త్రవేత్త ఒక అరుదైన పువ్వు కోసం టిబెట్ వెళ్ళి, అక్కడ కాటు తిని లండన్‌కు తిరిగి వస్తాడు. తనకు పట్టిన గతి ఏమిటో అర్థమయ్యాక అతను చేసే పనుల్లో ఒకటి ఇల్లు వదిలి, ఊళ్ళో ఒక గది అద్దెకు తీసుకుని, లోపల తాళం పెట్టించుకోవడం. కిటికీ పగలగొట్టుకుని బయటపడతాడనుకోండి, అది వేరే సంగతి. 1961లో బ్రిటన్‌లో తీసిన కర్స్ ఆఫ్ ది వేర్‌వుల్ఫ్ కథ స్పెయిన్‌లో జరుగుతుంది. లియోన్ అనే యువకుడు చెరసాలలో ఉండి, చంద్రుడు రాకముందే నాకు మరణశిక్ష అమలు చేయండని బతిమాలుకుంటాడు, పెంచిన తండ్రి కూడా అధికారి దగ్గరికి వెళ్ళి మొర పెట్టుకుంటాడు. ఆ అధికారికి ఇదంతా చాదస్తంగా తోస్తుంది. ఆ రాత్రి చెరసాల తలుపు ఏమైందో మీరు ఊహించగలరు.

ఇక 1981 నాటి యాన్ అమెరికన్ వేర్‌వుల్ఫ్ ఇన్ లండన్‌లో ఈ నమ్మకపోవడం నవ్వు తెప్పించే దాకా వెళ్తుంది. తాను ముందు రాత్రి ఆరుగురిని చంపానని తెలుసుకున్న డేవిడ్ అనే కుర్రవాడు ట్రఫాల్గర్ స్క్వేర్‌లో ఒక పోలీసును పట్టుకుని, నన్ను అరెస్టు చేయండి అని వెంటపడతాడు. పోలీసు కదలకపోయేసరికి, కనీసం కోపమైనా వస్తుందేమోనని రాణిగారిని, యువరాజును నానా మాటలూ అంటాడు. పోలీసు అప్పటికీ అతన్ని గోల చేయకుండా వెళ్ళమనే చెప్తాడు. ఆ సాయంత్రం పికడిల్లీ సర్కస్‌లో జరిగే రక్తపాతమంతా ఆ ఒక్క అరెస్టు జరగనందువల్ల జరిగిందే. ఈ చిత్రంలో మనిషి తోడేలుగా మారే దృశ్యం గురించే అందరూ మాట్లాడతారు, అందులో తప్పు లేదు. రూపసజ్జకు విడిగా ఆస్కార్ ఇవ్వడం మొదలుపెట్టిన ఏడాది ఆ తొలి బహుమతి రిక్ బేకర్‌కు వచ్చింది ఈ పనికే. నిండా దీపాలు వెలుగుతున్న గదిలో, చీకటి చాటు లేకుండా, అరచెయ్యి సాగడం, వెన్నెముక లేవడం చూపించారు. కానీ నా మట్టుకు నాకు ట్రఫాల్గర్ స్క్వేరే అసలు సన్నివేశం.

ఇక్కడ డేవిడ్‌ను పూర్తిగా వెనకేసుకురావడానికి వీల్లేదు. మొదటి హత్యకు ముందే, చనిపోయిన స్నేహితుడు జాక్ చిరిగిన గొంతుతో రెండుసార్లు వచ్చి, పున్నమి లోపు నీ ప్రాణం నువ్వే తీసుకో, లేకపోతే జనాన్ని చంపుతావని హెచ్చరిస్తాడు. డేవిడ్ దాన్ని భ్రమ అనుకుంటాడు. అంటే అతన్ని నమ్మనివాళ్ళ జాబితాలో మొట్టమొదటి పేరు అతనిదే.

ఈ జాలి ఎప్పుడు పుట్టిందో తెలిస్తే మీ ప్రశ్న సగం తేలిపోతుంది. కాటు వల్ల ఒకరి నుంచి ఒకరికి ఈ శాపం అంటుకుంటుందన్న ఊహ మనకు అనాదిగా వస్తున్నట్టు అనిపిస్తుంది గానీ, దాన్ని ఇంత గట్టిగా స్థిరపరిచింది సినిమానే. ఐరోపాలో పదహారు, పదిహేడు శతాబ్దాల్లో నిజంగానే తోడేలు మనుషులంటూ కోర్టుల్లో విచారణలు జరిగాయి. అక్కడ నేరారోపణ కాటు తిన్నావని కాదు, సైతానుతో ఒప్పందం చేసుకుని కావాలనే తోడేలు రూపం ఎత్తావని. జర్మనీలో కొలోన్ దగ్గర బెడ్‌బర్గ్‌లో 1589లో పీటర్ స్టంప్ అనే రైతును చక్రానికి కట్టి, ఎముకలు విరిచి, తల నరికి చంపారు. సైతాను తనకు ఒక నడికట్టు ఇచ్చాడని, అది కట్టుకుంటే తోడేలునవుతానని అతని చేత ఒప్పించారు. చిత్రహింస బెదిరింపు కింద వచ్చిన ఒప్పుకోలు అది. కోర్టు దృష్టిలో అతను ప్రమాదకారి, దోషి కూడా. ఆ రెండింటి మధ్య సందు లేదు.

ఆ సందు తెరుచుకోవడం కూడా కోర్టులోనే మొదలైంది. 1603లో ఫ్రాన్స్‌లోని బోర్డో న్యాయస్థానం ముందుకు జాన్ గ్రెనియే అనే పదమూడు పద్నాలుగేళ్ళ పశువుల కాపరి కుర్రవాడు వచ్చాడు. అడవిలో ఒక నల్లని పెద్దమనిషి తనకు తోడేలు తోలు, లేపనం ఇచ్చాడని, పిల్లల్ని తిన్నానని తనంతట తానే చెప్పాడు. న్యాయమూర్తులు అతన్ని కాల్చమనలేదు. ఈ పిల్లవాడికి బుద్ధి స్థిమితం లేదని, జీవితాంతం ఒక మఠంలో ఉంచమని తీర్పు ఇచ్చారు. మీరు చూసే సినిమాల్లోని జాలికి మూలం ఆ తీర్పు లాంటి ఆలోచనలోనే ఉంది. ఇంకా విచిత్రమైనది లివోనియాలో, అంటే ఇప్పటి లాత్వియా ప్రాంతంలో, 1691, 92లలో జరిగిన విచారణ. థీస్ అనే ఎనభై దాటిన ముసలాయన, అవును, నేను తోడేలునే, కానీ మేము దేవుడి వేటకుక్కలం, మంత్రగాళ్ళు ఎత్తుకుపోయిన ధాన్యాన్ని నరకం దాకా వెళ్ళి ఊరికి తిరిగి తెస్తాం అని న్యాయమూర్తుల ముందు మొండిగా నిలబడ్డాడు. వాళ్ళు ఎంత గుచ్చి అడిగినా మాట మార్చలేదు. చివరికి కొరడా దెబ్బలు వేయించారు. అపార్థానికి గురైన తోడేలు మనిషి ఎవరైనా ఉన్నారా అని పట్టుబట్టి అడిగితే నేను ఈ ముసలాయన పేరు చెప్తాను. విచారమేమంటే సినిమాలు ఈయన జోలికి పెద్దగా పోలేదు.

సినిమా చేసిన మార్పు ఒక్కటే గానీ చాలా పెద్దది. నడికట్టు, లేపనం, ఒప్పందం పక్కన పెట్టి వాటి స్థానంలో కాటు పెట్టింది. కాటు ఎవరైనా తినవచ్చు, మంచివాడు కూడా తినవచ్చు. 1941 నాటి ది వుల్ఫ్ మ్యాన్ రాసిన కర్ట్ సియోడ్‌మాక్ జర్మనీలో నాజీలు పైకి వచ్చినప్పుడు దేశం వదిలిన యూదు రచయిత. అందులో తోడేలు మనిషికి తన తరువాతి బలి అరచేతిలో అయిదు కోణాల నక్షత్రం కనిపిస్తుంది. ఆ గుర్తులో నాజీలు యూదుల దుస్తుల మీద కుట్టించిన నక్షత్రాన్ని చూసిన విమర్శకులు చాలామందే ఉన్నారు. దాన్ని ఎంతవరకు సాగదీయవచ్చో మీరే తేల్చుకోండి. కాని నిన్నటి దాకా పక్కింట్లో ఉన్న మామూలు మనిషి రాత్రికి రాత్రి ఎలా మృగమవుతాడు అన్న ప్రశ్న ఆయనకు పుస్తకాల్లోంచి వచ్చింది కాదని మాత్రం నేను నమ్ముతాను. మరొక సంగతి: పున్నమి అన్న నియమం ఈ చిత్రంలో లేదు. అందులో పాత్రలు చెప్పే శాపం పద్యంలో ఒక విషమూలిక పూసే కాలం, శరత్కాలపు వెన్నెల అనే ఉంటుంది. నిండు చంద్రుడు 1935 నాటి చిత్రంలో ఉన్నాడు, మళ్ళీ 1943లో ఈ కథ కొనసాగింపులో ఆ పద్యం మాట మార్చి తెచ్చి పెట్టారు.

ఇప్పుడు నా వృత్తిలో ఎదురైన చిక్కు చెప్తాను, ఎందుకంటే మీ ప్రశ్నకు తెలుగు భాషే ఒక రకంగా తీర్పు అడుగుతుంది. ఇంగ్లీషులో మనిషికి, జంతువుకు సర్వనామం మారినా క్రియ మారదు. మనకు క్రియ కూడా మారిపోతుంది. వాడు వచ్చాడు, అది వచ్చింది. తోడేలు మనిషి కథకు తెలుగు రాసేవాడు, ఏ క్షణంలో వచ్చాడు అనడం మానేసి వచ్చింది అనాలో తేల్చుకోక తప్పదు. వేళ్ళు సాగినప్పుడా? కళ్ళు పసుపు రంగులోకి తిరిగినప్పుడా? కిటికీలోంచి చూస్తున్న పొరుగింటావిడ అరిచే అరుపులో ఏది పెట్టాలి? నేను చాలాకాలం ఒక లెక్క పాటించాను: చూసేవాళ్ళకు ఇతను ఫలానా మనిషి అని తెలిసినంతసేపూ వాడు, తెలియనివాళ్ళకు అది.

ఆ లెక్క ఒకచోట తప్పింది. ఒక ఐరోపా చిత్రం, పేరు అనవసరం. చివరి సన్నివేశంలో ఊరి వేటగాడు మంచులో దూరం నుంచి కాల్చి, నడుచుకుంటూ దగ్గరికి వచ్చి, కిందకు చూసి ఒకే ఒక్క మాట అంటాడు. అతను కాల్చింది తోడేలును. ఆ తోడేలు ఏ మనిషో ఈ వేటగాడికి తెలియదు. కాబట్టి నా లెక్క ప్రకారం చచ్చింది అని రాసుకున్నాను. ఆ వేటగాడికి గొంతు ఇవ్వడానికి వచ్చిన పెద్దాయన, రంగస్థలం మీద నలభై ఏళ్ళ అనుభవం ఉన్నవారు, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆ ముక్క రెండుసార్లు చూశారు. మూడోసారి మైకు ముందు నుంచి వెనక్కి జరిగి, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "బాబూ, ఈయన దగ్గరికి వచ్చేసరికి అక్కడ పడి ఉన్నది మనిషి కదా, మనిషిని పట్టుకుని చచ్చింది అనమంటారేమిటి?" అని అడిగారు. నిజమే. శవం అప్పటికి మనిషి రూపంలోకి వచ్చేసింది, నలభై సార్లు చూసిన నాకు అది తట్టలేదు. పోయాడు అని మార్చాం. తమాషా ఏమిటంటే, తెర మీద ఆ నటుడి పెదవులు మాట మొదట్లో కలిసి విడిపోతాయి. చ పలికితే అతకదు, ప పలికితే చక్కగా అతికింది. సౌండ్ ఇంజనీరు లోపలి నుంచి బొటనవేలు ఎత్తాడు.

ఆడవాళ్ళ విషయంలో ఈ చిక్కు మరో రూపం ఎత్తుతుంది. ఆమె వచ్చింది, అది వచ్చింది: క్రియలో తేడా లేదు. 2000 సంవత్సరంలో కెనడా నుంచి వచ్చిన జింజర్ స్నాప్స్ చూసినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది. జింజర్ అనే అమ్మాయికి తొలి నెలసరి వచ్చిన రోజు రాత్రే తోడేలు కాటు పడుతుంది. ఒక్క రాత్రిలో కాకుండా, వారాల తరబడి మెల్లమెల్లగా మారుతుంది. ఒంట్లో నొప్పి, వెంట్రుకలు, కోపం. పెద్దవాళ్ళను అడిగితే ఈ వయసులో అంతా మామూలే అంటారు. ఆ మాట అబద్ధం కూడా కాదు, అందుకే అంత భయంకరం. ఇక్కడ మొదటి నుంచి నమ్మే మనిషి చెల్లెలు బ్రిజిట్. ఆమె మందు వెతుకుతుంది, ఆ మందు మనకు తెలియని మొక్కేమీ కాదు. మన ఆయుర్వేదంలో వసనాభి అని చెప్పే విషమూలిక జాతికి చెందినదే. తోడేలు మనిషి చిత్రాలను తెలుగులో పెట్టేటప్పుడు ఆ మూలికకు కొత్త పేర్లు పుట్టించకుండా వసనాభి అని రాయవచ్చు. మూలికలు ఎరిగిన తాతలకు వెంటనే అర్థమవుతుంది. ఇంతకీ జింజర్ ప్రమాదకారా? సందేహం లేదు, మనుషుల్ని చంపుతుంది, అందులో ఆనందం కూడా పొందుతుంది. చెల్లెలు చివరి దాకా ఆమెను వదలదు, చివర్లో కత్తి పట్టుకునేదీ ఆ చెల్లెలే.

నా మాటకు లొంగని చిత్రాలు కూడా ఉన్నాయి. తోడేలు రూపం శాపంగా కాక ఇష్టంగా ఉండే కథలు అవి. 1981లోనే వచ్చిన ది హౌలింగ్‌లో తోడేలు మనుషులు సముద్రం పక్కన ఒక కాలనీ కట్టుకుని ఉంటారు; వాళ్ళు చంద్రుడి కోసం ఎదురుచూడరు, ఎప్పుడు కావాలంటే అప్పుడు మారతారు. మనుషుల మధ్య సర్దుకుని బతుకుదాం అని చెప్పే వైద్యుణ్ని వాళ్ళలో చాలామంది లెక్క చేయరు. ఆ వైద్యుడి పేరు వాగ్నర్; 1941 చిత్ర దర్శకుడి ఇంటిపేరు అదే, ఈ చిత్రంలో చాలా పాత్రలకు పాత తోడేలు చిత్రాల దర్శకుల పేర్లే పెట్టారు. 2002 నాటి డాగ్ సోల్జర్స్‌లో స్కాట్లాండ్ కొండల్లో ఒక కుటుంబానికి కుటుంబమే సైనికుల్ని వేటాడుతుంది; అక్కడ జాలికి చోటు లేదు, దర్శకుడు అడగనూ లేదు. వీటిని చూపించి మీ అన్నయ్య వాదిస్తే మీరు ఒప్పుకోవడమే మంచిది.

వీటన్నిటికంటే నన్ను ఇబ్బంది పెట్టేది 1985 నాటి సిల్వర్ బుల్లెట్‌లోని పాస్టరు. ఆయన కూడా తోడేలుగా మారే మనిషే. తొలుత బాధపడ్డాడు కూడా. కానీ కాలం గడిచేకొద్దీ చంపిన ప్రతివారికీ ఒక కారణం చెప్పుకోవడం నేర్చుకున్నాడు. గర్భవతియై ఆత్మహత్యకు సిద్ధపడ్డ ఒక అమ్మాయిని చంపి, ఆత్మహత్య పాపం నుంచి ఆమెను కాపాడానంటాడు. చిన్నప్పుడు చదువుకున్న తోడేలు, మేకపిల్ల కథ గుర్తుందా, నీళ్ళు నువ్వు ఎంగిలి చేయకపోతే మీ అమ్మ చేసి ఉంటుంది అంటుందే, సరిగ్గా ఆ తర్కం. ఈయనకు పున్నమి రాత్రి మీద అధికారం లేకపోవచ్చు, కానీ మిగతా ఇరవై తొమ్మిది రోజుల మీద ఉంది.

నా కొలత అదే: తోడేలుగా ఉన్నప్పుడు ఏం చేశాడని కాకుండా, తెల్లవారాక, మళ్ళీ పున్నమి వచ్చేలోపు ఏం చేశాడని చూడండి. ఈ కొలత నాకు ఒకరు నేర్పారు. కొన్నేళ్ళ కిందట ఇలాంటి చిత్రానికే మాటలు రాస్తూ, తెల్లవారాక కథానాయకుడు భార్య ఒడిలో ఏడ్చే సన్నివేశానికి నేను మనసు పెట్టి, కాస్త కరిగిపోయి రాశాను. భార్య పాత్రకు గొంతు ఇస్తున్న ఆవిడ కాగితం చదివి, కొంచెంసేపు ఊరుకుని, "మా ఆయన కూడా పొద్దున్నే ఇలాగే ఏడ్చేవారండి, రాత్రి ఏం చేశానో గుర్తు లేదనేవారు" అన్నారు. గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఆవిడ ఆ పని వృత్తిధర్మంగా చక్కగా పూర్తి చేసి వెళ్ళిపోయారు. ఆ రోజు నుంచి నేను తోడేలు మనిషి కన్నీళ్ళను లెక్కలోకి తీసుకోవడం మానేశాను. తాళం వేయించుకున్నాడా, ఊరు వదిలాడా, తనను ఆపగలిగే ఆయుధాన్ని ఎవరి చేతికైనా ఇచ్చాడా అన్నవే చూస్తున్నాను. మీరు కూడా జాలి పడండి, కానీ చచ్చినవాళ్ళను మరిచిపోయే జాలి వద్దు. ఈ విషయంలో డేవిడ్ కథ మళ్ళీ నిజాయితీగా ఉంటుంది: అతను చంపిన ఆరుగురూ ఒక సినిమా హాల్లో అతని పక్కనే వచ్చి కూర్చుని, నువ్వు ఎలా చస్తే బాగుంటుందో సలహాలు ఇస్తారు.

సరే, అతని మాట నమ్మితే ప్రమాదం తప్పేదా? ఈ ప్రశ్న మీరు అడగలేదు గానీ, నా వాదనకు ఇదే అసలు పరీక్ష. దానికి జవాబు 2017లో బ్రెజిల్ నుంచి వచ్చిన గుడ్ మ్యానర్స్‌లో ఉంది. సావ్ పాలోలో క్లారా అనే నర్సు, తల్లిని బలిగొని పుట్టిన ఒక తోడేలు బిడ్డను తెచ్చుకుని పెంచుతుంది. అనుమానం, అపనమ్మకం అనేవే లేవు. బిడ్డ ఏమిటో ఆమెకు పుట్టిన రోజే తెలుసు. మాంసం పెట్టదు. పున్నమి రాత్రుల్లో చిన్న గదిలో గొలుసులతో కట్టి పడుకోబెడుతుంది, తెల్లవారాక ఒంటి మీది వెంట్రుకలు గొరుగుతుంది. ఎంత ప్రేమగా చేస్తుందంటే, అది ప్రతి ఇంట్లో పిల్లవాడికి తలస్నానం చేయించే పనిలాగే కనిపిస్తుంది. అయినా ఏడేళ్ళు వచ్చాక ఆ పిల్లవాడు ఇంట్లోంచి తప్పించుకుంటాడు, స్నేహితుడి ప్రాణం పోతుంది. అంటే నమ్మకం ప్రమాదాన్ని తగ్గించింది, ఏడేళ్ళు వాయిదా వేసింది, తీసేయలేదు.

మన దగ్గర తోడేలు మనిషి సంప్రదాయం లేదు, మనకు పాములున్నాయి. చిరంజీవి నటించిన పున్నమినాగు, 1980లో వచ్చింది, మీరు చూడకపోతే చూడండి. పాములవాడైన తండ్రి చిన్నప్పటి నుంచి అన్నంలో కొద్దికొద్దిగా విషం కలిపి పెట్టడం వల్ల నాగులు పున్నమి రాత్రుల్లో మనిషి కాకుండా పోతాడు; అతనికి దగ్గరైన ఆడవాళ్ళు చనిపోతారు. కాటు వేసింది బయటివాడు కాదు, అన్నం పెట్టిన తండ్రే. ప్రమాదం, నిర్దోషిత్వం రెండూ ఒకే ఒంట్లో ఉండగలవని తెలుగు ప్రేక్షకుడికి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదని ఆ చిత్రం చూస్తే తెలుస్తుంది. 2022లో హిందీ నుంచి తోడేలు పేరుతో మనకు వచ్చిన భేడియా దారి వేరు: అరుణాచల్ అడవిలోంచి రోడ్డు వేయడానికి వచ్చినవాడే కాటు తిని, ఆ రోడ్డు పనిలో ఉన్నవాళ్ళ మీద పడతాడు. అక్కడ తోడేలు అడవికి కాపలాదారు. మీ ప్రశ్నకు ఎవరికి ప్రమాదకారి అన్న మెలిక పెట్టిన చిత్రం అది. అడవిలోని అసలు తోడేలు గురించి ఒక్క మాట: 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టంలో అది మొదటి షెడ్యూలులో ఉంది, మనిషిని చూస్తే తప్పుకుని పోవడమే దాని మామూలు నైజం. గొర్రెల కాపరులకు దానితో ఉన్న తగవు వేరు.

ఎక్కడ మొదలుపెట్టాలన్నారు కదా. 1941 నాటి ది వుల్ఫ్ మ్యాన్‌తో మొదలుపెట్టండి, డెబ్బై నిమిషాలే. తరువాత డేవిడ్ కథ, ఆ తరువాత జింజర్ స్నాప్స్, గుడ్ మ్యానర్స్ చూడండి. మిగతావి ఏ వరసలో చూసినా ఫరవాలేదు.

మొదటి చిత్రం చూసేటప్పుడు వెండి పిడి ఉన్న చేతికర్ర మీద ఒక కన్ను వేసి ఉంచండి. లారీ టాల్బట్ ఆ కర్రను సరదాగా ఒక అమ్మాయి దుకాణంలో కొంటాడు. ఆ రాత్రే దానితో ఒక తోడేలును కొట్టి చంపి, చంపుతూ కాటు తింటాడు. తనకు ఏమవుతోందో తండ్రికి చెప్తాడు. తండ్రి పెద్ద చదువులు చదివిన మనిషి, ఇదంతా నీ మనసులోని భ్రమ అని, ఆ భ్రమ పోగొట్టడానికని కొడుకును కుర్చీకి కట్టి, తాను బయట తోడేలు వేటకు బయలుదేరతాడు. వెళ్ళేముందు లారీ ఆ చేతికర్ర వెంట తీసుకెళ్ళమని పట్టుబడతాడు. నమ్మకపోయినా, కొడుకు మనసు కోసం తండ్రి తీసుకుంటాడు. అడవిలో తన మీదికి వచ్చిన తోడేలును ఆ కర్రతోనే కొట్టి చంపుతాడు, చచ్చిన ముఖం మెల్లగా కొడుకు ముఖమవుతుంటే చూస్తూ నిలబడతాడు. అప్పుడు మిగతా వేటగాళ్ళు పరుగున వస్తారు. వాళ్ళలో పోలీసు అధికారి ఆ శవాన్ని, పక్కన స్పృహ తప్పిన అమ్మాయిని చూసి, తోడేలు ఈమె మీద పడి ఉంటుంది, లారీ కాపాడబోయి ప్రాణం పోగొట్టుకుని ఉంటాడని తేల్చేస్తాడు. మొత్తం చిత్రంలో లారీని నిజంగా అపార్థం చేసుకున్నది ఆ ఒక్క మనిషే. తండ్రి ఆ మాటను సరిదిద్దడు.